విజయేంద్ర బాబు కుటుంబానికి ఆదరణ

ఆదివారం ఆరాధనలో ప్రార్థన చీటీలు చదివే పనిని మధుబాబుకి అప్పగించారు సంఘ పెద్దలు. బాపట్ల కుర్రాడు. రేపల్లె పోస్టాఫీసులో చేరి నెల కూడా కాలేదు. గొంతు బాగుంది, మాట స్పష్టంగా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నారు. అతని గదిలో టీవీ ఉందో లేదో మాత్రం ఎవరూ అడగలేదు.

మూడు చీటీలు చదివి నాలుగోది విప్పాడు.

"గత ఆదివారం హఠాత్తుగా మరణించిన విజయేంద్ర బాబు భార్యకు, తల్లికి దేవుడు ఆదరణ దయచేయునట్లు ప్రార్థించండి. ఇట్లు, దానమ్మ."

చదువుతుంటే అతని గొంతు నిజంగానే వణికింది. ఆడవాళ్ళ వైపు ఒక వెక్కు వినిపించింది. ఆ వెంటనే ఇంకొకటి. వరసకి ముగ్గురు నలుగురు చొప్పున పమిటచెంగులు కళ్ళకి వెళ్ళాయి. మగవాళ్ళ వైపు మాత్రం ఎవరో కిసుక్కున నవ్వారు.

హెలెన్ తలెత్తలేదు. ఆ చీటీ రాసింది తనే.

విజయేంద్ర బాబు ఆదివారం మధ్యాహ్నం వచ్చే 'నాగకేసర ద్వీపం' సీరియల్లో రాకుమారుడు. రెక్కల గుర్రమెక్కి మాంత్రికుల్ని ముప్పుతిప్పలు పెట్టిన హీరోని ముప్పయ్యో వారంలోనే సొంత తమ్ముడి చేత పొడిపించి చంపేశారు. హీరో అన్నాక చివరిదాకా బతకాలి కదా! ఆ ధీమాతో పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్న నాయనమ్మ దానమ్మ, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసింది. రెండు రోజులు సరిగ్గా తినలేదు. తల్లి లేని తనని చేతుల్లో పెంచిన మనిషి. అందుకే "ప్రార్థన చీటీ రాసిస్తాలే, ముందు అన్నం తిను" అని సముదాయించింది హెలెన్. ఆవిడ దాన్ని నిజంగా కానుకల సంచిలో వేసేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆరాధన అవగానే మెట్ల దగ్గర మధుబాబుని ఆపింది.

"ఏవండీ, పైకి చదివేముందు ఒకసారి చూసుకోరా?"

"చూసే చదివానండి. తప్పు చదివానా?"

"చదవడమే తప్పు! విజయేంద్ర బాబు మనిషి కాదు, సీరియల్లో వేషం!"

మధుబాబు ముఖం పాలిపోయింది.

"చీటీతో డెత్ సర్టిఫికెట్ జత చెయ్యలేదు కదండీ. నేను పోస్టాఫీసు వాణ్ణి. చేతికొచ్చింది అందించడమే నాకు తెలుసు."

హెలెన్‌కి కోపం పోయి నవ్వొచ్చింది. పైకి కనబడనివ్వలేదు.

ఇంతలో కర్ర పొడుచుకుంటూ దానమ్మ వచ్చింది. "నువ్వేనా బాబూ చదివింది? మన ఇంట్లో మనిషి పోయినట్టు చదివావయ్యా. ఎవరెవరో నవ్వారు, నువ్వు నవ్వలా. మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్. ఆ ద్రోహి తమ్ముడికి ఇవాళ ఏవవుద్దో చూద్దాం."

అలా మొదలైంది. ఆ ఆదివారమే కాదు, తరవాత ప్రతి ఆదివారమూ మధుబాబు వాళ్ళింట్లోనే తేలాడు.

టీవీ ముందు చాప మీద దానమ్మ, పక్కింటి జానీ బీ. కుర్చీలో మధుబాబు. వంటింటి గుమ్మానికి ఆనుకుని హెలెన్. కిటికీ పక్కన పేపరు అడ్డం పెట్టుకుని హెలెన్ నాన్న, రిటైరైన హెడ్మాస్టరు బర్నబాసు గారు. సీరియళ్ళంటే గిట్టని మనిషని వీధిలో ఆయనకి పేరు. కానీ ఆ అరగంటలో పేపరు ఒక్క పేజీ కూడా తిరిగేది కాదు.

ఆ సీరియల్ రాసేవాడికి దయాదాక్షిణ్యాలు లేవు. ఒక వారం గురువు విషం తాగి పోయాడు. ఇంకో వారం ఏడేళ్ళ యువరాజుని కోటగోడ మీంచి తోసేశారు.

"ఆ రాసేవాడికి పిల్లల్లేరా, అల్లా!" అంటూ జానీ బీ లేచి టీవీ కట్టేసింది. తరవాతేమైందో తెలియక రెండు నిమిషాలకి మళ్ళీ తనే పెట్టింది.

సోమవారం హెలెన్ తెనాలిలో తను పాఠాలు చెప్పే బడికి వెళ్ళే ప్యాసింజర్లో కూడా అదే గోల. పెట్టె పెట్టంతా పరామర్శకి బయల్దేరినట్టు ఉండేది. హెలెన్‌కి అదంతా వినోదం.

"వేషాలు పోతే ఏడుస్తారేంటి? ఈపాటికి మేకప్ కడుక్కుని ఇడ్లీ తింటుంటారు," అనేది.

మధుబాబు మాత్రం సిగ్గుపడకుండా ఏడ్చేవాడు.

"ఇవాళెన్ని కర్చీఫులు తెచ్చారండీ?"

"రెండండి. ప్రోమో చూసి జానీ బీ గారు ముందే హెచ్చరించారు."

"అయితే ఒకటి నాకివ్వండి. మీ కుర్చీ తుడవాలి."

వానలు మొదలయ్యేసరికి ఆమెకి ఒక సంగతి తెలిసొచ్చింది. ఆదివారం పన్నెండున్నర నుంచీ తను చెవులు రిక్కించి వింటున్నది టీవీ పాట కోసం కాదు, గేటు చప్పుడు కోసం. అతనంటే ఇష్టం. అందులో ఆమెకి సందేహం లేదు. సందేహం లేకపోవడమే ఇప్పుడు కష్టమైంది.

ఎందుకంటే వేసవిలో, అతను ఊళ్ళోకి రాకముందు, గుంటూరు సంబంధం వచ్చినప్పుడు "మీ ఇష్టం నాన్నా" అనేసింది. వాళ్ళు నాలుగు నెలలు నాన్చి, ఈ వారమే సరేనని కబురు పెట్టారు. ఇక మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదివిస్తారు. ఒక్కసారి చదివారంటే వెనక్కి తీసుకోవడం రెండు కుటుంబాలకీ తలవంపులు. వారమంతా నాన్నతో ఏమీ అనలేకపోయింది.

ఆ ఆదివారం సీరియల్లో మేఘవతి వంతొచ్చింది. కత్తి పట్టిన రాకుమారి. ఆమె ఒక విలుకాణ్ణి ప్రేమించింది. అతనూ ప్రేమించాడు. ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. యుద్ధానికి వెళ్తూ "తిరిగొచ్చాక నీకో మాట చెప్పాలి" అంది. తిరిగి రాలేదు.

దానమ్మ గుండెలు బాదుకుంది. జానీ బీ శాపనార్థాలు పెట్టింది. మధుబాబు కర్చీఫు తీయబోయి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర హెలెన్ ఏడుస్తోంది. అందరూ తననే చూస్తున్నారని తెలిసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి మంచినీళ్ళ గ్లాసుతో మధుబాబు వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది.

"మేకప్ కడుక్కుని ఇడ్లీ తింటుంటుందండి," అన్నాడు మెల్లగా.

"నేను ఆమె కోసం ఏడవట్లేదు. ఆ విలుకాడి మీద కోపమొచ్చింది. అన్నీ ఆ పిల్లే చెప్పాలా? అతనికి నోరు లేదా?"

మధుబాబు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. "పొద్దున మీ నాన్నగారు ఇచ్చారండి. వచ్చే ఆదివారం చదవమన్నారు."

పెళ్ళి ప్రకటన. ఆమె పేరు, పక్కన గుంటూరు అబ్బాయి పేరు.

"చదువుతారా?"

"చేతికొచ్చింది చదివేవాణ్ణే. ఇది చదవలేనండి."

"ఏం, గొంతు బాలేదా?"

"గొంతు బానే ఉంది. మీ పేరు పక్కన ఇంకొకళ్ళ పేరు నా నోటితో చదవలేను. మీరంటే నాకు ప్రాణమండి."

హెలెన్ కళ్ళు తుడుచుకుంది. "ఈ ముక్క అనడానికి మూడు నెలలా? రండి లోపలికి."

నేరుగా వెళ్ళి కాగితం తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, ఈ పెళ్ళి నేను చేసుకోను. నాకు మధుబాబు గారంటే ఇష్టం."

దానమ్మ టీవీ కట్టేసింది. బర్నబాసు గారు పేపరు దించారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"అప్పుడు సరేనన్నావుగా?"

"అన్నాను. అప్పటికి నా మనసులో ఎవరూ లేరు. ఇప్పుడున్నారు. ఈ మాట మూడో ప్రకటన అయ్యాక చెబితే ఆ అబ్బాయి పరువేం కావాలి? ఇవాళైతే నన్నొక్కదాన్నే తిడతారు."

"మాటిచ్చింది నేను. తిట్లు కూడా నాకే."

"తెలుసు నాన్నా. అందుకే వారం నుంచీ నోరు రాలేదు."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళి గుంటూరు నంబరు నొక్కారు.

"అయ్యా, తప్పు మాదే. అమ్మాయికి ఇష్టం లేదు. ముందే కనుక్కోవాల్సింది, కనుక్కోలేదు. క్షమించండి." అవతల వాళ్ళు అన్నవన్నీ నిలబడి విన్నారు. ఫోన్ పెట్టేసి మధుబాబు వైపు తిరిగారు. "సాయంత్రం బస్సుకి బాపట్ల పోదాం. మీ నాన్నగారు సరేనంటేనే ఏదైనా. ప్రకటన కాగితం మాత్రం ఇప్పుడే రాసుకుందాం. రాయవయ్యా."

మధుబాబు హెలెన్ పేరు పొందిగ్గా రాశాడు. తన పేరు దగ్గరికొచ్చేసరికి తలెత్తి ఆమె వైపు చూశాడు. హెలెన్ పెన్ను లాక్కుని 'చిరంజీవి' దాకా రాసి ఆగింది.

"మీ ఇంటిపేరేంటండీ?"

"ఇంటిపేరు కూడా తెలీకుండానే గుంటూరు వాళ్ళ చేత నన్ను తిట్టించావుటే!" అన్నారు బర్నబాసు గారు. దానమ్మ పకపకా నవ్వింది.

"కట్టా అండి. నాన్నగారి పేరు యోహాను."

హెలెన్ రాసింది. రాసి కాగితం తండ్రికి ఇవ్వలేదు. చర్చిలో నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ మొదటి నుంచి చివరిదాకా తనే పైకి చదివింది. గొంతు ఎక్కడా వణకలేదు.