మోగకపోతే మంచిదనుకున్న అలారం

తల్లి ముఖానికి సబ్బు రాసుకుందో లేదో, పడగ్గదిలో అలారం అందుకుంది. మండుతున్న కళ్ళతో, తడి కాళ్ళతో, గోడ పట్టుకుంటూ పరుగెత్తింది. తీరా చూస్తే తండ్రి మంచం మీదే ఉన్నాడు. కళ్ళజోడు కోసం పక్కకి ఒరిగాడంతే.

"నీ సేఫ్టీ నా ప్రాణానికొచ్చిందే," అంది తల్లి, మోకాళ్ళు పట్టుకుని కూలబడుతూ.

"కొత్తలో అలాగే ఉంటుందమ్మా. అలవాటైపోతుంది," అంది కూతురు, టిఫిన్ ప్లేటులోంచి తలెత్తకుండా.

కూతురు రోగుల కోసం పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పక్క దుప్పటి కింద పరిచే ఆ పలచటి పట్టీ ఆమె కనిపెట్టిందే. రోగి లేవబోతే మోగుతుంది, ఎవరో ఒకరు వచ్చి పట్టుకుంటారు. తండ్రి పడి తుంటి విరగ్గొట్టుకున్నాక, ఆస్పత్రులకి ఇచ్చేలోగా ఇంట్లోనే వాడి చూద్దామని తెచ్చింది. కనిపెట్టినవాళ్ళకి తమ వస్తువు ముద్దు. దాని మోతకి పరుగులు పెట్టేది మాత్రం ఇంకొకరు.

కొన్నాళ్ళకి అలారం మోగడం దాదాపు మానేసింది. కూతురు గాల్లో తేలిపోయింది. "చూశావా, నాన్నకి జాగ్రత్త అలవాటైంది," అని ఆఫీసులో కూడా గొప్పగా చెప్పుకుంది.

ఆ వారమే తండ్రి కూర్చున్నచోటే కళ్ళు తిరిగి ఒరిగిపోయాడు. డాక్టరు చూసి, ఒంట్లో నీళ్ళే లేవన్నాడు. ఇలాగే ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయని గట్టిగానే చెప్పాడు. ఇంటికి రాగానే కూతురు తల్లి మీద ఒంటికాలి మీద లేచింది.

"మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేవా అమ్మా? రోజంతా ఇంట్లోనేగా ఉంటావు."

"నేను ఇవ్వకపోవడమేంటే? నోటిదాకా పెడితే తల తిప్పేసుకుంటున్నారు మీ నాన్న. ఏమన్నా అంటే దాహంగా లేదంటారు. ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చెయ్యండి."

"మీ అమ్మననకు," అన్నాడు తండ్రి మంచం మీంచి. "నేనే తాగడం లేదు."

"ఎందుకు నాన్నా?"

ఆయన భార్య మోకాళ్ళ వంక చూశాడు. "తాగితే బాత్రూముకి లేవాలి. లేస్తే అది మోగుతుంది. మోగితే ఈవిడ ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. నేను పడకుండా ఈవిడ పడేలా ఉంది. అందుకే, తనంతట తనొచ్చి లేపేదాకా నోరు కట్టుకుని పడుకుంటున్నా."

అలారం మోగడం లేదని తను అందరికీ చెప్పుకుని మురిసిపోయిన రోజులన్నీ తండ్రి దాహంతో పడుకున్న రోజులని తెలిసి కూతురికి సిగ్గేసింది. ఇన్నాళ్ళలో ఆయన్ని ఒక్క మాటైనా అడగలేదు.

"మరి నీకేం కావాలి నాన్నా?"

"నన్ను పట్టిచ్చేది కాదమ్మా. నేను పిలుచుకునేది చెయ్యి. తొందరేం లేకపోతే, తొందర లేదని కూడా అదే చెప్పాలి. ఈవిడ నెమ్మదిగా నడిచి రావాలి."

కూతురు ఆయన చేయి మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి కళ్ళు తుడుచుకుని, వంగి దుప్పటి కింది పట్టీని బయటికి లాగేసింది.

"ఏడుపు తర్వాత," అంది విసుగ్గానే. "ముందు మీ నాన్నని ఆ పక్కన పట్టుకో. మనం పోట్లాడుకుంటున్నంతసేపూ ఆపుకుని కూర్చున్నారు."