పి ముందు ఖాళీ

నరసన్నపేట హైవే పక్కన ఎరువుల దుకాణం. ఉదయం పది. నీలం చీర కట్టుకున్న మనిషి కౌంటర్ దగ్గరికొచ్చింది.

"పోయినేటి విత్తనం ఉన్నాదా?"

"ఉన్నాది. మొలక సూడలేదు."

కోడ్ కుదిరింది. నరసింగరావు యూరియా బస్తాల వెనక తలుపు తీశాడు. పదకొండేళ్లుగా ఎరువులమ్ముతున్న ఆ గూఢచారుల చీఫ్, ఏజెంట్ భరణికి కూర్చోమని కూడా చెప్పలేదు.

"మన అండర్‌కవర్ ఏజెంట్ల జాబితా అమ్మకానికొచ్చింది. అమ్మేవాడు సముద్రం అవతల. కొనేది విదేశీ ముఠా. వాళ్ల తరఫున డబ్బు కట్టేది జీడిపప్పు వ్యాపారి రంగనాథం. అరసవల్లి లాడ్జిలో ఉన్నాడు. పన్నెండులోగా క్రిప్టో చేరితే ఫైల్ తెరుచుకుంటాది. చేరకపోతే దాని తాళంచెవి దానంతటదే చెరిగిపోతాది, ఇక అమ్మేవాడు కూడా తెరవలేడు." ఆగాడు. "నాలుగో పేరు మీ అన్నది."

భరణి అన్న ఎర్రన్న మూడేళ్లుగా పరాయి దేశపు రేవులో క్రేన్ నడుపుతున్నాడు. పేరు బయటపడితే సాయంత్రానికి బతికి ఉండడు.

"ఇప్పుడే పట్టేద్దాం సార్."

"పట్టేస్తే అమ్మేవాడు కోపంకొద్దీ జాబితా ఊరికే బయటపెట్టేస్తాడు. డబ్బు పంపేశాననే రంగనాథం అనుకోవాలి. అది చేరకూడదు."

మూలన గిరిబాబు తల దించుకున్నాడు. ఆ క్రిప్టో కాయిన్‌లో డబ్బు చేరాల్సిన ఖాతా అడ్రస్‌కి ఫార్మాట్ తయారుచేసిన ఇంజనీరు అతనే.

"అడ్రస్‌లో ఓ అక్షరం మార్చేస్తే?" భరణి అడిగింది.

"అవదక్కా. ఆఖరి ఆరక్షరాలు చెక్‌సమ్. ముందున్నవాటన్నిటి మీద లెక్క కట్టి పెట్టినవి. ఒక్కటి తప్పు కొట్టినా లెక్క తేడా వస్తాది, డబ్బు పంపే వాలెట్ ఆపేస్తాది." గొంతు తగ్గించాడు. "ఒక్క కన్నం ఉండిపోనాది. అడ్రస్ పి తో అయిపోతే, దాని ముందు క్యూ అక్షరం దూర్చినా వాలెట్ కనిపెట్టలేదు. డబ్బు ఎవరిదీ కాని అడ్రస్‌కి ఎలిపోతాది. నా తప్పే. మొన్ననే సూసేను. అప్పట్నుంచీ నిద్రలేదు."

"వీళ్లది పి తోనే అయిపోతాది," అన్నాడు చీఫ్. "రంగనాథం దగ్గర పనిచేసే రేఖ పంపిన కబురు."

"రేఖ మన మనిషేనా సార్?"

"రెండు చోట్లా జీతం తీసుకుంటాది. ఈరోజు ఏ జీతానికి పనిచేస్తాదో నాకు తెలీదు."

పదకొండున్నరకి భరణి పనిమనిషి వేషంలో లాడ్జి రెండో అంతస్తులో గది ఊడుస్తోంది. ముక్కుపుడకలో కెమెరా, చీపురు కట్టలో నీలం రీఫిల్. ఫోన్‌లో కాపీ చేస్తే మధ్యలో ఎవరైనా మార్చేస్తారని రంగనాథం అడ్రస్‌ను కాగితం మీద చేత్తో రాసుకున్నాడు. నాలుగు మూలలా పసుపు పెట్టాడు. అక్షరాలు నాలుగేసి చొప్పున విడగొట్టాడు. చివర పి ఒక్కటే మిగిలింది. దాని ముందు ఖాళీ.

ల్యాప్‌టాప్ ముందు రేఖ. నల్లకళ్లద్దాలు, జరీ చీర, ఎర్రటి గోళ్లు.

"ఏటే, ఎంతసేపు ఊడుస్తావు?" అన్నాడు రంగనాథం.

"మూలల్లో దుమ్మున్నాది బాబూ."

"మూలలన్నాక దుమ్ముండదేటి? కానీ."

సూర్యుడికి దండం పెట్టందే రంగనాథం పెద్ద బేరం చెయ్యడు. బాల్కనీలోకెళ్లి కళ్లు మూసుకున్నాడు. రేఖ కిటికీ వైపు తిరిగింది. భరణి వంగి, రీఫిల్ లాగి, ల్యాప్‌టాప్ పక్కనున్న కాగితం మీద పి ముందు క్యూ రాసింది. తొందరలో దాని తోక కాస్త సాగింది.

రేఖ ఇటు తిరిగింది. కాగితం చూసింది. కళ్లద్దాలు తీసింది.

రంగనాథం లోపలికొచ్చాడు. "కొట్టు. పది నిమిషాలే ఉన్నాది. తప్పు కొట్టకు."

"తప్పు కొడితే వాలెట్టే తిడతాది మావా."

నాలుగక్షరాలు. మళ్లీ నాలుగు. చివరికొచ్చేసరికి వేలు గాలిలో ఆగింది. "ఇది నువ్వే రాసేవా?"

భరణి చీపురు కట్టని గట్టిగా పట్టుకుంది. నాలుగో పేరు. నాలుగో పేరు.

"మరి మా తాత రాసేడేటి? కొట్టు."

రేఖ క్యూ కొట్టింది. పి కొట్టింది. ఆకుపచ్చ టిక్ పడింది. సెండ్.

పన్నెండు అయింది. ఫైల్ తెరుచుకోలేదు. గడువు దాటిందని, తాళంచెవి చెరిగిందని తెర మీద రెండు ముక్కలొచ్చాయి. రంగనాథం కాగితాన్ని ఫోన్‌లోని అడ్రస్‌తో సరిచూసుకుని, క్యూ దగ్గర ఆగి, గబగబా ఏదో టైపు చేశాడు. చీఫ్ మనుషులు మెట్లెక్కి వచ్చేసరికి రేఖ కుర్చీ ఖాళీగా ఉంది. ఏ జీతం కోసం ఆ అక్షరం కొట్టిందో భరణికి అర్థం కాలేదు. అడుగుదామంటే మనిషి లేదు.

దుకాణానికి తిరిగొచ్చాక గిరిబాబు ఫోన్ చూపించాడు. మొహం ఇంకా తేరుకోలేదు. "ఇదే తప్పు రేపు ఏ నారాయణమ్మో కొట్టీసి ఉన్నదంతా పోగొట్టుకుంటే ఏటక్కా? అప్పుడే కాయిన్ సైట్‌కి కంప్లైంటొచ్చేసింది."

భరణి చదివింది. 'అక్షరం తప్పితే మీ వాలెట్ పట్టుకుంటుందని నమ్మి నష్టపోయాను. వెంటనే సరిచేయగలరు. ఇట్లు, రంగనాథం.'

"సాయంత్రంలోగా సరిచేసెయ్," అంది. "ఈ ఒక్క ముక్కా ఆయన నిజమే రాసేడు."