పదకొండు గంటల డోసు

ఉదయం ఎనిమిదింటికి ల్యాబ్ తలుపు తాళం పగిలిన చప్పుడు వినగానే కెమిస్ట్‌కు అర్థమైంది, తనకిక ఒక్క నిమిషమే మిగిలిందని. స్టాండులో శాంపుల్ సీసాలు పన్నెండు. పదమూడోది చేతిలో ఉంది. అది కూతురు క్రీడాకారిణుల ట్రైనింగ్ క్యాంపు నుంచి పంపిన ప్రోటీన్ పౌడర్ ద్రావణం. మెషీన్‌లో శాంపుల్స్ పరీక్షకు పెట్టే మొదటి గడి 'బ్లాంక్'ది. మెషీన్ శుభ్రంగా ఉందో లేదో చూడడానికి అందులో ముందుగా ఏమీ కలపని సీసా పెడతారు. అతను దాన్ని తీసేసి, చేతిలోది పెట్టి, స్టార్ట్ నొక్కాడు.

కొరియర్ యూనిఫాంలో వచ్చిన ఇద్దరు రెండుసార్లు కాల్చారు. స్టాండు ఊడ్చుకుపోయారు. బ్లాంక్ జోలికి పోలేదు. ఖాళీ సీసాను ఎవరు దొంగిలిస్తారు?

* * *

"పోయింది నీ బావ. ఈ కేసు నీకివ్వకూడదు," అన్నాడు చీఫ్.

"ఇవ్వకండి సార్. సెలవివ్వండి."

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గుమాస్తా అంటారు. బట్టతల, వంగిన భుజాలు, జేబులో మూడు పెన్నులు. వాటిలో ఒకటి మత్తు సూది పేలుస్తుంది.

చీఫ్ నిట్టూర్చాడు. "మన రన్నింగ్ టీం పౌడర్‌లో ఒక విదేశీ ముఠా ఏదో కలుపుతోందని అనుమానం. ఆధారం లేదు. రిపోర్ట్ లేకుండా క్యాంపు మీద చెయ్యి వెయ్యలేను."

"మా మేనకోడలికి మూడు నెలలుగా నెలసరి లేదు సార్. గొంతు బొంగురుపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. అందుకే బావ ఆ పౌడర్ తెప్పించాడు."

చీఫ్ చూపు దించుకున్నాడు. "ల్యాబ్‌లో సిల్కు ఉంటుంది. ఆ ముఠాలో మనం పెట్టిన మనిషి. హత్య కబురు చెప్పింది ఆవిడే. డబుల్ ఏజెంట్ కాబట్టి సగమే నమ్ము."

"ఏ సగం సార్?"

"బతికొచ్చి నువ్వే చెప్పు."

* * *

ఏసీ మెకానిక్ వేషంలో గుమాస్తా ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. తెల్లకోటు మీద ఎర్ర సిల్కు స్కార్ఫ్‌తో ఆమె మెషీన్ ముందు కూర్చుని ఉంది. చూసినవాడు వచ్చిన పని మర్చిపోయేంత అందం.

"ఏసీలో నీళ్ళు కారుతున్నాయట?"

"నీళ్ళు కాదు, నూనె."

కోడ్ సరిపోయింది. నేల మీద దుప్పటి కింద బావ ఉన్నాడు. గుమాస్తా కాస్త ఎత్తి చూశాడు. కళ్ళజోడు ఎవరో మడిచి కోటు జేబులో పెట్టారు.

స్క్రీన్ మీద ఒకే గీత, కొండలా పైకి లేచింది. పక్కన మగ హార్మోన్ పేరు. కింద 'బ్లాంక్' అని ఉంది.

"ఖాళీ సీసాలో ఇంత హార్మోన్ ఎక్కడిది?"

"అంతా మురికి. ఇక్కడి ప్లాస్టిక్ సామానులోంచి దిగుతుంది. శాంపుల్స్ పోయాయి, రిపోర్ట్ లేదు. ఇంటికెళ్ళండి గుమాస్తా గారూ."

గుమాస్తా గది చుట్టూ చూశాడు. గాజు, స్టీలు, అల్యూమినియం రేకు. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బా కనబడితే పాము కనబడినట్టు అరిచే మనిషి బావ. దానిలోంచి దిగేది హార్మోన్లతో ఆడుకుంటుందని అక్కకు రోజూ క్లాసు పీకేవాడు.

"ఒక్క ప్లాస్టిక్ ముక్క చూపించు," అన్నాడు నెమ్మదిగా.

ఆమె చెయ్యి కోటులోకి పోయింది. స్టోర్ రూమ్ తలుపు భళ్ళున తెరుచుకుని కొరియర్లిద్దరూ మీదికొచ్చారు. గుమాస్తా పెన్ను నొక్కాడు. సిరా చిమ్మింది.

తప్పు పెన్ను.

మొదటివాడి పిడిగుద్దుకు గుమాస్తావి రెండు పళ్ళు రాలాయి. గుమాస్తా పడుతూనే గ్యాస్ సిలిండర్ స్పానర్ అందుకుని వాడి మోకాలి చిప్ప మీద దించాడు. వాడు వంగగానే దవడ మీద ఇంకొకటి. సిల్కు కాల్చిన గుండు గుమాస్తా చెవి పక్కగా దూసుకుపోయి రెండోవాడి మెడలో దిగింది. రక్తం తెల్లటి టైల్స్ మీద చిమ్మింది. పడిపోతున్నవాడి నడుములోంచి గుమాస్తా తుపాకీ లాగి కాల్చాడు. సిల్కు తొడ పట్టుకుని కూలిపోయింది.

ఆమె తుపాకీని దూరంగా తన్నాడు. తర్వాత ఆమె స్కార్ఫ్ విప్పి, నెత్తురు ఆగేలా తొడకు గట్టిగా కట్టాడు.

"ఎందుకు?" అంది పళ్ళు బిగించి.

"బావ కళ్ళజోడు ఎవరు తీశారు?"

"నేనే. గుచ్చుకుంటుందని."

"చచ్చినవాడికా?"

"అప్పటికింకా ప్రాణం ఉంది." ఆమె కళ్ళు మూసుకుంది. "పదకొండు గంటల డోసు ఆపమన్నాడు. ఇన్నాళ్ళూ టెస్టుకు దొరకనంత కొంచెమే కలిపాం. ఇవాళ్టిది యాభై రెట్లు. సాయంత్రం డోపింగ్ టెస్టులో ముప్ఫై మందీ దొరుకుతారు. ఆ మోతాదు తాగాక ఆ పిల్లల ఒళ్ళు మళ్ళీ బాగుపడదు. కోచ్ మా మనిషి. ఫోన్లన్నీ వాడి దగ్గరే."

గోడ గడియారం పది ఇరవై చూపించింది. గుమాస్తా రిపోర్ట్ ప్రింట్ తీసి, ఆమెకు అంబులెన్స్ పిలిచి, వైర్‌లెస్‌లో చీఫ్‌కు సంగతి చెప్పి, మెకానిక్ వ్యాను వైపు పరుగెత్తాడు.

* * *

క్యాంపు గేటును వ్యానుతోనే గుద్ది లోపలికి దూసుకుపోయాడు. ట్రాక్ పక్కన ముప్ఫై మంది అమ్మాయిలు అలసిన కాళ్ళతో, చేతుల్లో పౌడర్ కలిపిన షేకర్లతో నిలబడ్డారు. కోచ్ వాచీ చూసి, "అందరూ ఒకేసారి, గటగటా!" అన్నాడు.

"తాగకండి!" అని గుమాస్తా అరిచాడు. పళ్ళు పోయిన నోట్లోంచి మాట సరిగా రాలేదు. మూతలు తెరుచుకున్నాయి. షేకర్లు పెదవుల దాకా వెళ్ళాయి.

కోచ్ తుపాకీ తీసి కాల్చాడు. గుండు గుమాస్తా భుజంలో దిగింది. మరుక్షణం గుమాస్తా కాల్చాడు. కోచ్ వెల్లకిలా పడ్డాడు, మళ్ళీ లేవలేదు.

రెండు తుపాకీ మోతలు, వెంటవెంటనే. పరుగు పందెంలో మొదటి మోత స్టార్ట్. వెనువెంటనే రెండోది మోగితే స్టార్ట్ చెల్లదు, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. పదేళ్ళ వయసు నుంచీ ఒంట్లో ఇంకిన అలవాటు. ముప్ఫై మందీ శిలల్లా ఆగిపోయారు. షేకర్లు పెదవులకు బెత్తెడు దూరంలో.

"మామయ్యా! నెత్తురు!" వరసలోంచి బొంగురు గొంతు.

"పారబొయ్యండమ్మా. ఒక్కటి మాత్రం నాకు ఉంచండి, టెస్టుకి."

షేకర్లన్నీ నేల మీద ఒలికాయి. మేనకోడలు పరుగున వచ్చి అతన్ని కూర్చోబెట్టింది. "అయితే నాన్న అనుమానం నిజమేనా? ఫోన్ చేసి చెప్పు, సంతోషిస్తాడు."

గుమాస్తా ఆమె తల నిమిరాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఆ పిల్ల అతని మంచి భుజం మీద పడి ఏడ్చింది. నెత్తురు కారే భుజానికి ఒకమ్మాయి టవల్ అదిమి పట్టింది. మరొకామె అడక్కుండానే ఎండ పడకుండా అడ్డం నిలబడింది.

వైర్‌లెస్ గరగరలాడింది.

"గుమాస్తా! ఎవరైనా తాగారా?"

"గడ్డి ఒక్కటే తాగింది సార్. రేపు దానికి మీసాలు మొలిస్తే రిపోర్ట్‌లో రాస్తాను."