మనిషా, మోపా?

"వెనక బరువుంది. మనిషా, మోపా?"

గట్టుబండి అడిగింది. యామిని జవాబు చెప్పకుండా తాత వైపు చూసింది.

ఉదయం ఏడుంబావు. వంకరాయిపల్లి పిల్లల బండ్లు పది అప్పటికే పంచాయతీ అరుగు దాటి గుట్ట మొదలు చేరాయి. పదకొండోది యామినిది. లేగదూడంత ఎత్తు, నాలుగు లావుపాటి చక్రాలు, ఒక్క పిల్లకు సరిపోయే ఆసనం. దాని వెనక ఉన్న మోపుపీట మీద, వెనక్కి తిరిగి, యామిని తమ్ముడు కదిరేశు కూర్చున్నాడు. వాడికి ఆరున్నరేళ్ళు. ఒంటినిండా దూది అంటించిన చొక్కా, తలకు దూది టోపీ. ఆ రోజు బడిలో నాటకం. వాడు గొర్రె.

"మే... మే..." అన్నాడు కదిరేశు.

"నోర్మూసుకోరా. బండి వింటాది."

"గొర్రె గూడా మోపే గదక్కా!"

తాత చెన్నకేశవులుకు నవ్వొచ్చింది. ఎనిమిదేళ్ళు నిండని పిల్లలను బడికి తీసుకుపోయే పెద్దబండి పాడై మూడు రోజులైంది. ఆ దూది ఆయన భార్య నరసమ్మ దిండులోది. ఆమె పోయి ఐదేళ్ళు. మనవడి టోపీ కోసం ఆ దిండు విప్పుతూ ముందురోజు సాయంత్రం ఆయన కాసేపు ఊరికే కూర్చున్నాడు. అంతా అయ్యాక వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడానికి మనసు రాలేదు.

ఆయన యామినికి తలూపాడు.

"మోపు," అంది యామిని.

"మంచిది. మోపు పట్టుకున్నాను," అంది బండి. పీట అంచుల నుంచి నాలుగు రబ్బరు వేళ్ళు లేచి కదిరేశు నడుమును చుట్టుకున్నాయి. వాడు చక్కిలిగిలితో కిలకిల నవ్వాడు. ఆ నవ్వు గుట్ట మలుపు దాకా వినిపించింది.

పన్నెండేళ్ళ కిందట వరసగా మూడేళ్ళు కురిసిన కుండపోత వానలు ఆ సీమలో రోడ్లను తినేశాయి. వేసిన రోడ్డు వేసినట్టే కొట్టుకుపోతుంటే ప్రభుత్వం విసిగి, ఇక రోడ్లు వేయనంది. సరుకులు గాలితట్టల్లో ఎగిరి వచ్చేవి. మనుషులకు గట్టుబండ్లు వచ్చాయి. రాయి, రప్ప, వంక, గట్టు ఏదైనా ఎక్కి దిగే బండ్లు. ఎనిమిదేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ ఒకటి.

తల్లులు మొదట్లో గోలపెట్టారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. పాతకాలం బండ్లు బోర్లపడి పిల్లల్ని కింద వేసుకుని నలిపేసిన సంగతులు అందరూ విన్నవే. బండి బరువు ముందు పిల్ల బరువు ఎంత? ఒరిగే బండిని పిల్ల ఒళ్ళు ఆపలేదు. ఆ ఆపే పనిని కొత్త బండ్లలో తోడుబుద్ధి అనే యంత్రపు మెదడు చేసేది. నేల వాలును, పిల్ల కూర్చున్న తీరును రెప్పపాటుకు వందసార్లు చూసుకునేది.

చెన్నకేశవులు అనంతపురం కాలేజీలో భౌతికశాస్త్రం చదివినవాడు. ఏడు ఊళ్ళకు బండ్ల పరీక్షకుడు. తల్లులందరినీ గుట్ట దగ్గరికి పిలిచి, ఇసుక సంచిని ఆసనం మీద కూర్చోబెట్టి, బండిని నిటారు వాలు మీదికి తోలి చూపించాడు. "ఇది బోర్లపడదమ్మా. నా మాట నమ్మండి," అన్నాడు. నమ్మారు. తొమ్మిదేళ్ళలో ఏడు ఊళ్ళలోనూ ఒక్క బండీ బోర్లపడలేదు.

మోపు సంగతి తరువాత వచ్చింది. గుట్ట నుంచి వట్టి చేతులతో దిగకూడదని ఆ ఊరి పద్ధతి. పిడికెడు గడ్డో, నాలుగు పుల్లలో ఏదో ఒకటి తేవాలి. బడి నుంచి వచ్చే పిల్లలు వెనక గడ్డిమోపు కట్టుకుంటే బండి కదలనని మొరాయించేది. ఊరి పెద్దలు అర్జీ పెట్టారు. బండ్ల శాఖ వాళ్ళు మోపుపీట ఇచ్చి, ఆ కొత్త మాటను బండ్లకు నేర్పే పని చెన్నకేశవులుకే అప్పగించారు. మనిషి అంటే బండి కదలదు. మోపు అంటే కదులుతుంది. అంతవరకే ఆయనకు తెలుసు.

ఏడూ నలభై రెండుకు ఆయన మణికట్టు మీది చేతిపలక వణికింది. "యామిని క్షేమం," అని కనిపించింది. రోజూ బడి చేరాక వచ్చే కబురే, కాస్త ముందుగా వచ్చింది. పిల్ల హుషారుగా తోలింది కాబోలు అనుకుని మిగిలిన కాఫీ తాగాడు.

ఎనిమిదిన్నరకు పిల్లలు నడిచి వచ్చారు. నలుగురు పెద్దపిల్లలు ఒక దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని మోసుకొస్తున్నారు. యామిని వాళ్ళ వెనక, ఒక దూది ముక్కను పిడికిట్లో పట్టుకుని నడుస్తోంది. ఆమె ఒంటి మీద గీత కూడా లేదు.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాటల్లో ఒకటి చెన్నకేశవులు చాలాసార్లు తలుచుకున్నాడు. కదిరేశు ఎడమ తొడ ఎముక విరిగింది, కానీ తల బండకు తగిలినప్పుడు మధ్యలో దూది ఉంది. నరసమ్మ దిండు చివరికి అందుకు పనికొచ్చింది.

నాలుగో రోజు శాఖ అధికారిణి ఇందుమతి ఇంటికి వచ్చింది. చిన్న పెట్టెలోంచి బండి నడకచిట్టాను వినిపించింది. రోజూ వినే గొంతే.

"ఏడు గంటల నలభై ఒకటి. వంక దిగుడు. కుడి చక్రం కింద రాయి జారింది. ఒరుగు ముప్పై తొమ్మిది డిగ్రీలు. మోపు వదిలాను. నిలదొక్కుకున్నాను. యామిని క్షేమం. ప్రమాదం లేదు."

"ప్రమాదం లేదా?" అన్నాడు చెన్నకేశవులు.

"బండి బోర్లపడలేదు కదండీ. దానికి తెలిసిన ప్రమాదం అదొక్కటే."

"మోపు వదలడమంటే?"

"పట్టు తెరిచి, పీటను విసురుగా లేపుతుంది. బరువు పల్లానికి పోతే బండి మిట్ట వైపు వస్తుంది. మీకు చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. ఆయన కాలేజీలో చదువుకున్న సూత్రమే. దాన్ని వంక గట్టు మీద, ఆరున్నరేళ్ళ పిల్లవాడితో ఊహించుకోవడానికి మాత్రం ఆయనకు కొంతసేపు పట్టింది.

"ఆ మాట బండ్లకు నేర్పించింది నాతోనే గదమ్మా. దాని వెనకాల ఇది ఉండాదని ఒక్క ముక్క చెప్పింటే..."

"గడ్డిమోపు కోసం పిల్లను పోగొట్టుకుంటామా చెన్నకేశవులు గారూ? అప్పుడు మిమ్మల్ని అడిగినా సరేననేవారు."

అదీ నిజమే. అందుకే మరింత మంటగా ఉంది.

"తొమ్మిదేండ్లు ఊరూరా తిరిగి, నమ్మండి నమ్మండి అని నా నోటితో చెప్పిస్తిరి."

"మీరు అబద్ధం చెప్పలేదు. ఒక్క బండీ బోర్లపడలేదు," అంది ఇందుమతి. ఆమె గొంతులో వెటకారం లేదు. ఓదార్చాలనే అన్నట్టుంది. తరువాత కాగితాల వైపు చూస్తూ అడిగింది. "ఒక్కటే తేలాలి. మోపు అని పాప తనంతట తనే చెప్పిందా? ఎవరైనా చెప్పమన్నారా?"

గడప దగ్గర యామిని నిలబడి ఉంది. పదకొండేళ్ళ పిల్ల. తాత వైపు చూసింది. బండి ప్రశ్న అడిగిన ఉదయం చూసినట్టే చూసింది.

చెన్నకేశవులు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నేనే అన్నా," అంది యామిని.

ఇందుమతి రాసుకుని వెళ్ళిపోయింది. వారం తిరగకముందే ఏడు ఊళ్ళ బండ్లకూ మోపుపీటలు ఊడదీశారు. ఆడవాళ్ళు మళ్ళీ గడ్డి తలకెత్తుకున్నారు. చిట్టాలో ప్రమాదాల సంఖ్య మునుపటిలాగే సున్నాగా ఉంది.

కదిరేశులో వచ్చిన మార్పు ముందుగా ఆసుపత్రి నర్సుకు తెలిసింది. మంచం మార్చడానికి వాణ్ణి ఎత్తుకోబోతే వాడు రెండు చేతులూ అడ్డం పెట్టి అడిగాడు.

"మనిషా, మోపా?"

ఆ నర్సు మంచిమనిషి. నవ్వి తీసెయ్యలేదు. "మనిషివే కదప్పా. మోపైతే ఇంత ముద్దుగా ఉంటాదా?" అంది. వాడు ఆలోచించి ఒప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక వాళ్ళమ్మ ఈశ్వరిని కూడా అడిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. గాలిమరల పని నుంచి నెలకోసారి వచ్చే తండ్రినీ అడిగాడు. యామినిని మాత్రం అడగలేదు. ఆమె దగ్గరికి వస్తే గోడవైపు తిరిగేవాడు.

"ఏందిరా, అక్కతో మాట్లాడవా?" అంది ఈశ్వరి.

"బండి అడిగితే నన్ను మోపు అన్నది. నేను ఇన్నా."

అడక్కుండానే వాడు పోయేది ఒక్క తాత దగ్గరికే. తాత చేతులు చాపితే చాలు, మెడ చుట్టూ చేతులు వేసేవాడు. చెన్నకేశవులు వాణ్ణి పెరట్లోకి ఎత్తుకుపోయేవాడు, స్నానం చేయించేవాడు, ఎండలో కూర్చోబెట్టేవాడు. ఆ మెడ చుట్టూ పడ్డ చిన్నచేతుల వెచ్చదనం ఆయనకు నరసమ్మ పోయాక దొరికిన పెద్ద సుఖం. ఇది తన సొత్తు కాదని ఆయనకు తెలుసు. రేపు చెబుదాం అనుకునేవాడు. తొడ కట్టు విప్పాక చెబుదాం అనుకున్నాడు. కట్టు విప్పారు. కాలు పుల్లలా సన్నబడింది, ఇంకా నేల మీద ఆనడం లేదు. నాలుగడుగులు వేశాక చెబుదాం అనుకున్నాడు.

యామిని బండెక్కడం మానేసింది. ఏడు కిలోమీటర్లు నడిచి బడికి పోతోంది. ఒక సాయంత్రం గుట్ట దిగి వచ్చి, తెచ్చిన నాలుగు పుల్లలు పొయ్యి దగ్గర పడేసి, అరుగు మీద ఉన్న తాత ముందు నిలబడింది.

"తాతా, నువ్వు వానితో చెప్తావని సూస్తాండా."

ఆయన పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"ఆయమ్మ వచ్చినప్పుడు చెప్తావనుకుంటి. పోనీలే, ఉద్యోగం గదా అనుకుంటి. ఇంట్లో ఏంటికి చెప్పవు? వాడు నీ సంకన ఉండి నన్ను చూసి మొగం తిప్పుకుంటాంటే, నీకు ఎట్లుంటాది తాతా?"

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. మడమల దగ్గర చర్మం పగిలి ఉంది.

చెన్నకేశవులు లేచి మనవడి మంచం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"కదిరీ, ఆ పొద్దు మోపు అనమని అక్కకు చెప్పింది నేను."

"అక్క గొంతే. నేను ఇన్నా."

"గొంతు అక్కదే. నేను తలూపితేనే అన్నది. నువ్వు ఎనక్కి తిరిగి కూర్చుంటివి. నన్ను సూళ్యా."

కదిరేశు ఆయన ముఖంలోకి చూశాడు.

"బండి ఇసిరేస్తాదని నీకు తెల్సా?"

"తెల్దు నాయనా. నాకు ఎవరూ చెప్పల్యా."

"నువ్వు బండ్ల సారువి గదా?"

తొమ్మిదేళ్ళుగా తల్లులకు చెప్పిన మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు.

"అక్కా," అని పిలిచాడు కదిరేశు. గొంతు చిన్నదే. యామిని వాకిట్లోనే నిలబడి ఉంది కాబోలు, వెంటనే వచ్చింది. వాడు ఏమీ అడగకుండా చేతులు చాపాడు. ఆమె మంచం అంచున కూర్చుని వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని లేచింది. సన్నటి కాలు నొప్పి పుట్టకుండా మోచేత్తో పొదివి పట్టుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పెరట్లోకి నడిచింది. అక్కడ ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. తరువాత "మే... మే..." అని వినిపించింది. వాడు నవ్వాడు. గుట్ట మలుపు దగ్గర ఆగిపోయిన నవ్వు అది. చెన్నకేశవులు కళ్ళు తుడుచుకున్నాడు. ఈ మాత్రమైనా దక్కింది.

మర్నాడు ఉదయం యామిని బడికి వెళ్ళిపోయింది. అరుగు మీదికి లేత ఎండ వచ్చింది. వాణ్ణి రోజూ ఎండలో కూర్చోబెట్టే వేళ.

నరసమ్మకు ఒక అలవాటుండేది. ఏ పిల్లనైనా ఎత్తుకునే ముందు రెండు అరచేతులూ తెరిచి చూపించేది. చెన్నకేశవులు ఎన్నడూ అలా చేసినవాడు కాదు. ఆ రోజు మంచం ముందు వంగి, రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.

కదిరేశు ఆ చేతుల వైపు చూశాడు. మెడ చుట్టూ చేతులు వెయ్యలేదు. బండి ఎలా ఆగి ఆగి అడుగుతుందో అలాగే, ఆ గొంతుతోనే అడిగాడు.

"మనిషా, మోపా?"

"మనిషివి నాయనా," అన్నాడు చెన్నకేశవులు.

బండి అయితే జవాబు విన్న వెంటనే నమ్మేది. కదిరేశు దుప్పటి అంచు పట్టుకుని, అక్క బడి నుంచి వచ్చే గుట్ట వైపు తిరిగి పడుకున్నాడు.