సీలు విప్పని సీసా

ఉదయం 9:10. కంటి ఆస్పత్రి ల్యాబ్ ఫ్రిజ్‌లో వైరస్‌ని చంపే మందు సీసా లేదు. ల్యాబ్ మొత్తానికి ఉన్నది అదొక్కటే.

"ఇదిగో దొంగ!" ప్రొఫెసర్ టెక్నీషియన్ వైపు వేలు చూపించాడు.

సెక్యూరిటీ ఆఫీసర్ తాపీగా కుర్చీ లాక్కున్నాడు. పోలీసు శాఖలో రిటైరై ఇక్కడ చేరినవాడు. ఆస్పత్రిలో అందరూ కూపీ సార్ అంటారు. ఆయనకి తన నీడ మీద కూడా అనుమానమే.

"ఆధారం?"

"ఆ డిష్‌లు చూడండి. కంటి పైపొర, కార్నియా కణాలు. నిన్న నాలుగింటికి వైరస్ పోశాం. పక్క డిష్‌లలో చర్మ కణాలన్నీ చచ్చాయి. ఇవి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి! మందు కలపకుండా ఎలా బతుకుతాయి?"

"నేను కలపలేదు సార్." టెక్నీషియన్ ముందుకొచ్చింది. "కంటి కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే రక్షక ప్రోటీన్‌ని తామే తయారు చేసుకుని వైరస్‌ని ఆపుతాయని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. వింటేగా!"

"కాకమ్మ కబుర్లు! మధ్యాహ్నానికి నీ ఉద్యోగం ఊడుతుంది. ఇంకే ల్యాబూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు."

కూపీ సార్ లేచి గది చుట్టూ తిరిగాడు. కంట్లో ఏదైనా పడితే కడుక్కోవడానికి గోడకి పెట్టిన ఐవాష్ సీసా సగానికి దిగి ఉంది.

"దీన్నెప్పుడు నింపారమ్మా?"

"నిన్న పొద్దున. నేనే నింపాను."

"వాడితే?"

"రిజిస్టర్‌లో రాయాలి. రాస్తే ల్యాబ్ మూసేసి ఎంక్వయిరీ వేస్తారు."

రిజిస్టర్‌లో నిన్నటి పేజీ ఖాళీ.

"నిన్న ఎన్నింటికి వెళ్లావు?"

"4:20కి. ప్రొఫెసర్‌గారు ఒక్కరే ఉన్నారు."

కొక్కేలకి రెండు జతల గాగుల్స్ వేలాడుతున్నాయి. ఒకటి తళతళలాడుతోంది. రెండోదాని మీద వేలితో గీస్తే గీత పడింది.

"ఈ దుమ్ము జత ఎవరిది?"

ప్రొఫెసర్ చెయ్యి కోటు జేబు మీదికి వెళ్లింది.

"కంట్లో వైరస్ ఎన్నింటికి చిందింది ప్రొఫెసర్‌గారూ?"

ప్రొఫెసర్ స్టూల్ మీద కూలబడ్డాడు.

"4:40కి. వైరస్ మిగిలిన ట్యూబు మూస్తుంటే... గాగుల్స్ పెట్టుకోలేదు. చచ్చేంత భయమేసింది. కన్ను ఎర్రబడితే వేసుకుందామని సీసా తీసుకెళ్లాను. ఎర్రబడలేదు. తెచ్చి పెట్టేలోపే ఈ అమ్మాయి ఫ్రిజ్ తెరిచేసింది."

సీసా బల్ల మీదికొచ్చింది. కూపీ సార్ దాన్ని దీపానికెత్తి చూశాడు.

"సీలు విప్పలేదు. డిష్‌లలో ఒక్క చుక్క పడలేదు. మరి ఆ కణాల్ని కాపాడిందెవరండీ?"

ప్రొఫెసర్ సిగ్గుతో తల దించుకున్నాడు.

టెక్నీషియన్ కళ్లు తుడుచుకుని టార్చి తీసింది.

"తల ఎత్తండి సార్. కన్ను తెల్లగానే ఉంది, మందు లేకుండానే. అయినా డాక్టర్‌కి చూపించుకోండి. ముందు ఇది రాయండి."

ఆమె రిజిస్టర్ జరిపింది. ప్రొఫెసర్ తేదీ రాశాడు, టైము రాశాడు. 'మందు వాడారా?' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆమె కదలకుండా పక్కనే నిలబడింది. చివరికి 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు.