నెత్తుటి గడప

ఆషాఢ బహుళ అమావాస్య... ఆపైన సూర్యగ్రహణం!

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, ఆగస్టు పదకొండు. పొద్దు ఇంకా వాలకముందే బాన్సువాడ ఆకాశాన్ని కారుమేఘాలు కమ్ముకున్నాయి. బస్టాండు దగ్గర దుకాణాలు ఒక్కొక్కటిగా షట్టర్లు దించేశాయి. నీళ్ల బిందెల్లో గరిక వేసి, గర్భిణులను చీకటి గదుల్లో పడుకోబెట్టి, జనం తలుపులు బిగించుకున్నారు. ఎక్కడో దూరంగా ఉరుము... ఆ వెంటనే పట్టపగలే గుడ్లగూబ అరుపు!

ఊరికి ఎడంగా, మంజీర ఒడ్డున శ్మశానాన్ని ఆనుకొని ఒక పాడుబడిన బెల్లం బట్టీ ఉంది. ఒకప్పుడు చెరకు రసం కుతకుతలాడిన ఆ పొయ్యి మీద ఇప్పుడు ఒక మానవ కపాలం తలకిందులుగా పెట్టి ఉంది. దాని పగిలిన అడుగులో నల్లగా, జిగటగా మరుగుతోంది సిరా!

పొయ్యి ముందు నడుముకు నల్లగుడ్డ చుట్టుకొని కూర్చున్నవాడు సూదుల శివరాం. ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. అంగళ్లలో బ్యాటరీ మిషన్‌తో పచ్చబొట్లు పొడుస్తాడని మాత్రమే జనం ఎరుగుదురు. విచిత్రమేమిటంటే, వందలమంది ఒళ్లు పొడిచిన ఆ మనిషి ఒంటి మీద చుక్కంత గుర్తు లేదు. పుట్టుమచ్చ లేదు, గాయపు మచ్చ లేదు. నూనె రాసిన రాయిలా నున్నగా నిగనిగలాడుతోంది చర్మం.

అతడు కొలిచేది మసిరక్కసిని! కాలే శవాల పొగలో పుట్టి, పచ్చినెత్తురు కోసం అల్లాడే క్షుద్రశక్తి అది. ఆ కపాలంలోని మసి ఎవరి చర్మంలో దిగితే వాళ్ల దేహం దానిది... వాళ్ల ఆయువు శివరాంది! కానీ అతడికి అది చాలలేదు. మృత్యువే లేని బతుకు కావాలి. అందుకు రక్కసి ఒకే కోరిక కోరింది. తన కాళ్లతో తానే నడిచివచ్చి, తన నోటితో తానే గుర్తు అడిగే ఒక మనిషిని గ్రహణవేళ బలి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే...? అప్పుడు ఆ ఆకలికి దొరికేది శివరామే!

"వస్తది... నడుచుకుంట వస్తది!" అతడు కపాలం వైపు వంగి గుసగుసలాడాడు.

వచ్చే మనిషి పేరు ప్రియదర్శిని.

ఇరవై రెండేళ్ల పిల్ల. నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే కృష్ణకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆ వేసవిలో వదిన సంగీతతో కలిసి అంగడికి వెళ్లింది. గాజుల కొట్టు పక్కన శివరాం బొమ్మల అట్ట నిలబెట్టి కూర్చున్నాడు. తామర, తేలు, త్రిశూలం, గుండెలో దిగిన బాణం... చూడముచ్చటైన బొమ్మలు. సంగీతకు చిలుక నచ్చింది. మిషన్ గుర్రుమంది. ముంజేతి మీద చిలుక వాలింది.

"నువ్వు గూడ ఒకటి చూస్కో చెల్లె," అన్నాడు శివరాం.

ప్రియదర్శిని అట్ట అంతా ఓపికగా చూసింది. "నాకు కావాల్సింది దీంట్ల లేదు."

"గింత పెద్ద అట్ట మీద ఒక్కటి గూడ లేదా?"

"ఒంటి మీద సచ్చేదాంక ఉండేది గదా! నువ్వు గీసినదాంట్లకెల్లి నేనెందుకు ఏరుకోవాలె?"

శివరాం పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం మారాయి. ఆ అట్ట మీది ప్రతి బొమ్మ అడుగునా మసిరక్కసి బీజాక్షరం దాగి ఉంది. బొమ్మ మీద వేలు పెట్టినవాళ్లు పెట్టినట్టే చిక్కుకునేవారు. వద్దని వెనుదిరిగిన మొదటి మనిషి ఈ పిల్ల! లొంగనిదాన్ని లొంగదీసుకుంటేనే బలికి బలం. ఆ క్షణమే అతడు నిశ్చయించుకున్నాడు.

ఆనాటి నుంచి సంగీత సంగీత కాదు. వీధి చివర వరకూ వినిపించేలా నవ్వే మనిషి మూగదైంది. రాత్రిళ్లు పొయ్యిలోని మసి తీసి నాకేది. చేతి మీది చిలుక రోజురోజుకూ నల్లబడి, తోలు కింద కదలసాగింది! దవాఖానలో డాక్టర్లు పరీక్షలన్నీ చేసి పెదవి విరిచారు. కోపం పట్టలేక కృష్ణ కట్టె తీసుకొని శివరాం మీదికి పోయాడు. తిరిగివచ్చేసరికి కుడిచెయ్యి కొయ్యబారిపోయింది. వేళ్లు ముడుచుకోవు, మోచేయి వంగదు.

గ్రహణం నాటి ఉదయం సంగీత మంచం మీద విల్లులా వంగి లేచింది. ఆమె గొంతులోంచి మగవాడి మాట వెలువడింది!

"ఆడిబిడ్డను పంపుండ్రి! పొద్దును పాము మింగే యాళ్లకు బట్టీ కాడికి రావాలె... తన నోటితోని బొట్టు అడగాలె! లేకుంటే గీ చిలుక దీని పానం పొడుసుకొని తింటది!"

కృష్ణ వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "నువ్వు పోవద్దు చెల్లె. ఏమన్న గానీ, నేను పోనియ్య."

"వదినె పోయినంక ఇంట్ల కూసొని నేనేం చెయ్యాలన్నా?"

కృష్ణ వాకిలి నుంచి పక్కకు జరిగాడు.

ప్రియదర్శిని నేరుగా జమునాబాయి గుడిసెకు వెళ్లింది. మరాఠీ, తెలుగు కలగలిపి మాట్లాడే ఆ ముసలామె చుట్టుపక్కల ఊళ్లలో చేతి సూదితో పచ్చబొట్లు పొడిచేది. శివరాం వచ్చాక భయంతో సూదులు మూలన పడేసింది. విషయం వినగానే ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది.

"అగ బాయి! వాని పేరు నా ఇంట్ల తియ్యకు పోరీ. వాని మసి మీద నా మసి ఆగుతదో లేదో నాకు తెల్వది."

"ఆగకుంటే నా పానమే గదా పొయ్యేది. అవ్వా, అసలు ఈ బొట్లు ఎందుకు మొదలైనయి? అది చెప్పు ముందుగాల."

జమునాబాయి ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుంది. తరువాత, తన అమ్మమ్మ దగ్గర విన్న కథను నెమ్మదిగా చెప్పసాగింది.

మొట్టమొదట ఒక తల్లి ఉండేదట. అడవిలో చీకటి పడితే పిశాచాలు ఆమె బిడ్డల రూపాలు తొడుక్కొని గుడిసెలోకి దూరేవి. అమ్మా అని పిలిచేవి. తన బిడ్డ ఎవరో, పిశాచం ఎవరో తెలియక ఆమె ఎందరినో పోగొట్టుకుంది. కడుపు రగిలిన తల్లి తుమ్మముల్లు విరిచింది. దీపం మసిలో ముంచి, మిగిలిన బిడ్డల ఒంటి మీద చుక్కలూ గీతలూ పొడిచింది. పిశాచం రూపాన్ని దొంగిలించగలదు... కానీ నొప్పిని ఓర్చి, నెత్తురు కార్చి సంపాదించుకున్న గుర్తును దొంగిలించలేదు! ఆ రాత్రి నుంచి తల్లి చీకట్లో తడిమి అడిగేది, నీ గుర్తు ఏదీ అని. గుర్తు లేనిది ఆ గుడిసెలోంచి ప్రాణంతో బయటపడలేదు.

"బొమ్మలు, పేర్లు అన్నీ వెనక వచ్చినయి బేటీ. మొదలు గీతలే, చుక్కలే."

ప్రియదర్శినికి ఎప్పుడో పేపర్లో చదివింది గుర్తొచ్చింది. ఎక్కడో మంచుకొండల్లో వేల ఏళ్లనాటి మనిషి శవం దొరికింది. గడ్డకట్టిన ఆ చర్మం మీద కూడా గీతలే ఉన్నాయి. ఆ గీతలు పొడిచిన చేయి ఎవరిదో!

"ఏం పొడువాలె మరి? హనుమంతున్ని పొడుద్దునా? తేలు? తులసికోట?"

అన్నిటికీ తల అడ్డంగా ఊపింది ప్రియదర్శిని. దేవుడి వెనుక దాక్కోవడం ఆమెకు ఇష్టం లేదు. తేలు విషమూ అక్కరలేదు. కళ్లు మూసుకుంది. తన ఒంట్లోకి ఒకడు అనుమతి లేకుండా చొరబడాలని చూస్తున్నాడు... చొరబడేవాడిని ఆపేది ఏమిటి? చప్పున కళ్లు తెరిచింది.

"గడప!"

"ఏందీ?"

"గడప పొడువు అవ్వా. రెండు గీతలు, నడుమ బొట్లు. నా ఒళ్లు నా ఇల్లు. నేను పిల్వంది ఎవడు లోపలికి రావద్దు."

ముసలామె లేచి దీపం వెలిగించి మసి పట్టింది. గుంటగలగరాకు నూరి రసం పిండింది. సూదులు దారంతో కట్టి, ప్రియదర్శిని ఎడమ ముంజేయి ఒడిలోకి తీసుకుంది. ఒక్కొక్క పోటూ నిప్పురవ్వ! ప్రియదర్శిని పళ్లు బిగించి తన మణికట్టు మీద లేస్తున్న గడపను చూస్తూ కూర్చుంది. నెత్తురు చుక్కలు బొట్ల మీద కుంకుమలా నిలిచాయి.

"ఏం చెయ్యాల్నో తెలుసునా?" అడిగింది జమునాబాయి.

"అడగను. వాడేం చేసినా నోరు తెరిచి అడగను. పొద్దు మల్ల బయటపడేదాంక నిలబడ్త. యాళ్ల దాటితే వాని పట్టు సడలుతదేమో."

"నిలబడ్తే ఏమైతదో నాకు తెల్వది పోరీ."

"నాకు గూడ తెల్వది," అని లేచింది ప్రియదర్శిని.

*

ఉరుములు! దిక్కులు పిక్కటిల్లే ఉరుములు! మేఘాల చీలికలోంచి సూర్యుడు కొడవలి అంచంత కనిపించాడు. మంజీర నీళ్లు సీసంలా మారాయి. పక్షులు గూళ్లకు చేరి నిశ్శబ్దమైపోయాయి. శ్మశానంలో నక్క ఊళ పెట్టింది... బట్టీ గుమ్మంలో ప్రియదర్శిని నిలబడింది.

"రా... రా! ఇగ అడుగు! బొట్టు పొడువు శివరాం అని అను!"

ఆమె పెదవి కదపలేదు.

శివరాం వికటంగా నవ్వి కపాలంలోకి సూది ముంచాడు. అంతే! కపాలపు కంటిగుంటల్లోంచి సంగీత ఆర్తనాదం వెలువడింది! క్రోసు దూరాన ఇంట్లో మంచానికి కట్టిన సంగీత గొంతు అక్కడ మారుమోగింది. సూది దించినప్పుడల్లా కేక... మరో కేక... ప్రియదర్శిని గోళ్లు అరచేతుల్లో దిగబడ్డాయి. ఆ ఒక్క మాట అంటే చాలు, వదిన బతుకుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది మాట...

"అడగకు పిల్లా!"

కపాలం పలికింది! అది కేక కాదు. నెలల తరువాత వినిపించిన సంగీత సొంత గొంతు!

"నేను సచ్చినా మంచిదే... వాని కాళ్ల మీద వడకు! అడగకు ప్రియా!"

ప్రియదర్శిని కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తల ఎత్తి శివరాం కళ్లలోకి చూసింది. "ఇన్నవా? మా ఇంట్ల ఎవ్వరం అడుగం. ఏం చేస్కుంటవో చేస్కో!"

ఆకాశంలో కొడవలి అంచు మెల్లగా లావెక్కుతోంది. గ్రహణం విడవడం మొదలైంది! శివరాం ముఖాన చెమటలు పట్టాయి. పొయ్యిలోంచి నల్లటి పొగ లేచి అతడి మెడ చుట్టూ తిరిగింది. ఆకలి... ఆకలి... అని బుసలు!

"ఇస్త! ఇప్పుడే ఇస్త!" అని అరిచి, అతడు ప్రియదర్శిని మీదికి దూకాడు. ఆమె ఎడమచేయి పట్టి విరిచి, నల్లసిరా సూదిని బలమంతా పెట్టి మణికట్టు మీద దించాడు... సరిగ్గా గడప మీద!

సూది దిగలేదు.

ఇనుపరాతికి తగిలినట్టు వంకరపోయింది! సిరా చర్మం మీద నిలవక పాదరసంలా ఉండలు కట్టి జారిపోయింది. ఆ గీతల నడుమ నెత్తుటి బొట్లు నిప్పుకణికల్లా వెలిగాయి. భూమి కంపించింది. బట్టీ గోడలు మట్టి రాల్చాయి. చీకట్లో ఎవరో వచ్చి నిలబడ్డారు! రూపం లేదు... పాలవాసన, తుమ్మజిగురు వాసన, తడిసిన అడవి వాసన! కనపడని ఒక గరుకు చేయి ప్రియదర్శిని మణికట్టును తడిమింది. గీతను తాకింది. చుక్కను తాకింది. ఎంతో మెత్తగా వదిలేసింది.

తరువాత ఆ చేయి శివరాం వైపు తిరిగింది.

"నీ గుర్తు ఏదీ?"

వేల ఏళ్ల లోతులోంచి లేచిన స్వరం! మేఘం కూడా గర్జించడం మానేసింది. శివరాం వెనక్కి నడిచాడు. అందరి ఒళ్లూ తన పేర రాసుకున్నవాడు, ఎవరికీ చిక్కకూడదని తన ఒంటిని ఖాళీగా ఉంచుకున్నవాడు... చూపించడానికి ఏముంది! భుజం, ఛాతీ, మెడ, నుదురు... తడుముతూనే ఉంది ఆ చేయి.

"నేను... నేను నీ బిడ్డనే! అమ్మా!"

ఆ పిలుపును ఆ తల్లి ఎన్ని పిశాచాల నోట వినలేదు!

ఒక్క తోపు! శివరాం పొయ్యి గోతిలోకి వెల్లకిలా పడ్డాడు. కపాలం భళ్లున పగిలింది. ఆకలితో నకనకలాడుతున్న మసిరక్కసి అతడి నున్నటి చర్మం మీద వాలింది. వేల సూదులు ఒక్కసారిగా... కేక శ్మశానం దాటి, నది దాటి, అవతలి చెరకు తోటల్లో అణగిపోయింది. మేఘాలు చీలి, వాలిపోతున్న సూర్యుడి ఎర్రటి వెలుగు బట్టీలోకి పడేసరికి గోతిలో మనిషి లేడు. పిడికెడు మసి మాత్రం ఉంది. గాలి దాన్నీ ఎత్తుకుపోయింది.

ఇంట్లో కృష్ణ కుడిచేత్తోనే కట్లు విప్పుతున్నాడు. వేళ్లు ముడుచుకుంటున్నాయన్న సంగతి అతడు ఇంకా గమనించలేదు. సంగీత ముంజేతి మీది చిలుక పొక్కులా ఎండి ఊడిపోయింది. దాని చోట కాలిన మచ్చ మిగిలింది.

దసరా దాటాక ఒక ఆదివారం పొద్దున సంగీత, ప్రియదర్శిని జమునాబాయి గుడిసె ముందు కూర్చున్నారు. మళ్లీ సూది అనగానే ఇరుగుపొరుగంతా అడ్డం పడ్డారు. కృష్ణ బతిమాలాడు. సంగీత ఎవరి మాటా వినలేదు.

"వాడు నా చేతి మీద భయం రాసిపోయిండు. దినాం అదే చూస్కుంట బతకమంటరా? దాని మీద నాకిష్టమైంది రాసుకుంట."

"ఏం పొడువాలె బిడ్డా?" అడిగింది జమునాబాయి. "నీకు గూడ గడపనేనా?"

"గడప దానిది. నాకు పులి కావాలె. నోరు తెరిచిన పులి."

"పులి పెద్దది. బాగ నొస్తది మరి."

"నొయ్యనీ!"

మొదటి పోటుకే సంగీత వీధి చివర వరకూ వినిపించేలా కేక పెట్టింది. శివరాం వంశాన్ని తిట్టింది, సూదిని తిట్టింది, నవ్వుతున్న ఆడబిడ్డను తిట్టింది. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.