టైలర్ల సందులో రాత్రి చప్పుడు

టైలర్ల సందు పేరెత్తితే చాలు, ఆ చుట్టుపక్కల వాళ్లు గొంతు తగ్గించేసేవాళ్లు. సందంతా కాదు. సందు చివరి షాపు.

పగలు చూస్తే ఏముంది? ఓ షట్టర్, దానికో తాళం, తాళానికి తుప్పు. పైన బోర్డు మీద కత్తెర బొమ్మ వెలిసిపోయి కొంగ ముక్కులా మిగిలింది. ఆ షాపు టైలరు ఎక్కడో పెద్దాసుపత్రిలో కన్నుమూసి అప్పటికి ఐదు నెలలు. అప్పట్నుంచి ఆ షట్టర్ లేచింది లేదు.

కానీ రాత్రి పదకొండు దాటిందా...

టక టక టక టక —

కాసేపు ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది. కాలితో తొక్కే పాత కుట్టుమిషన్ చప్పుడు. లోపల దీపం ఉండదు. షట్టర్ కింద నుంచి వెలుగు చార కూడా రాదు.

"చీకట్లో కుడుతున్నాడయ్యా," అనేవాడు రాత్రి కాపలా కాసే ముసలాయన. "చచ్చినవాడికి దీపమెందుకు?"

ఎవరిదో చొక్కా సగంలో ఆగిపోయిందనీ, దానికి చేతులు కుట్టేదాకా ఆయనకి శాంతి లేదనీ ఒకరు. ఆ చొక్కా ఎవరిదో వాళ్లకి మూడినట్టేనని ఇంకొకరు. మొత్తానికి రాత్రయితే జనం రెండు వీధులు చుట్టైనా తిరిగి వెళ్లేవాళ్లు గానీ ఆ సందులో అడుగు పెట్టేవాళ్లు కాదు.

ఈ సంగతి జర్నలిజం చదివే ఇద్దరు పిల్లల చెవిన పడింది.

ఊళ్లో జనం బతుకుల మీద ఒక పాడ్‌కాస్ట్ చేయమని కాలేజీలో చెప్పారు వాళ్లకి. వారానికో భాగం. బేకరీ పొయ్యి దగ్గర ఒకటి, చెప్పులు కుట్టే అన్నదమ్ముల దగ్గర ఒకటి, బస్సు డిపోలో ఒకటి. మాట్లాడేది అబ్బాయి. మైకు చేతికొస్తే వదలడు గనక క్లాసులో వాడి పేరు మైకాసురుడు. రికార్డు చేసేది అమ్మాయి. ఎప్పుడు చూసినా రెండు చెవుల మీదా పెద్ద హెడ్‌ఫోన్లతో తిరుగుతుందని ఆమెకి చెవులపిల్లి అని పేరు పెట్టారు. మాట తక్కువ మనిషి.

"ఆఖరి భాగం దెయ్యం మీదే," అన్నాడు మైకాసురుడు. "ఇన్నాళ్లూ మన గోల విన్నది నువ్వూ, నేనూ, మా అమ్మ. ఇది గనక పడిందంటే ఊరంతా వింటుంది."

"మీ అమ్మ కూడా సగంలో కట్టేసిందన్నావుగా," అంది చెవులపిల్లి.

ఆ రాత్రే వెళ్లారు. సందులో ఒక్క దీపం, అదీ మొదట్లో. చివరికొచ్చేసరికి ఎవరి చెయ్యి ఎవరిదో తెలియని చీకటి. ఆమె షట్టర్ అంచున, నేల మీద మైకు ఆనించి పెట్టింది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎదురింటి మెట్టు మీద కూర్చుంది. వాడు పక్కనే, గోడకి అతుక్కుని.

పది నిమిషాలు... ఇరవై...

టక టక టక టక —

వాడు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆ గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయట.

ఆమెకి భయం వేయలేదని కాదు. కానీ చెవి మాత్రం వేరే ఏదో చెబుతోంది. వాళ్లమ్మ ఇంట్లో బట్టలు కుట్టి పెంచింది ఆమెని. సూది గుడ్డలో దిగుతుంటే ఆ చప్పుడు మెత్తగా ఉంటుంది, మందమైన గుడ్డయితే మూలుగుతుంది. ఇది అలా లేదు. బోలుగా ఉంది. మిషన్ మీద గుడ్డ లేదు. కుట్టు పడట్లేదు. ఎవరో ఉత్తి మిషన్ తొక్కుతున్నారు...

ధ్వని పెంచింది. ఇంకాస్త పెంచింది. మిషన్ చప్పుడు కింద — ఊపిరి. ఎవరిదో. ఆ తర్వాత...

ముక్కు చీదిన చప్పుడు.

"దెయ్యానికి జలుబు చేస్తుందా?" అని గుసగుసగా అడిగింది.

తిరిగి చూస్తే మైకాసురుడు సందు మొదట్లో దీపం కింద ఉన్నాడు. ఎప్పుడు పరిగెత్తాడో!

ఆమె కదల్లేదు. ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది. ఆడమనిషి ఏడుపు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చే ఏడుపు. మిషన్ జోరందుకుంటే ఏడుపు పెరుగుతోంది. మిషన్ నెమ్మదిస్తే ఏడుపు గొంతులోకి దిగిపోతోంది. మిషన్ ఆగితే... అంతా నిశ్శబ్దం.

మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి ఒక్కతే వెళ్లింది. షాపు ముందు వైపు కాదు, చుట్టూ తిరిగి వెనక వీధికి. షాపు వెనక గోడ ఏ ఇంటిదో వెతుక్కుంటూ వెళ్లి ఓ చిన్న తలుపు తట్టింది.

తీసినావిడకి నలభై ఐదు దాటి ఉంటాయి. ఆసుపత్రి లాండ్రీలో పని ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, చేతుల మీద సబ్బు మందుకి చర్మం పొట్టు లేచిపోయింది.

"ఏం కావాలమ్మా?"

"రాత్రి మేము షాపు ముందు కూర్చుని రికార్డు చేశాం అక్కా. మీరు..."

ఆవిడ మాట పూర్తి కానివ్వలేదు. చటుక్కున ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగి, వంటింటి మూలకి తీసుకెళ్లింది.

"మెల్లిగా," అంది. "ఆవిడ వింటుంది."

"ఎవరు?"

"మా అత్తయ్య."

తొంభయ్యేళ్ల మనిషి. చూపు పోయి నాలుగేళ్లు, మంచం దిగక రెండేళ్లు. చెవులు మాత్రం పాము చెవులు. కొడుక్కి గొంతులో పుండు లేచి పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే, "వాణ్ణి నాకు తిరిగి అప్పజెప్పు," అందట కోడలితో. ఆపరేషనైంది. మాట పోయింది. పది రోజులకి మనిషే పోయాడు. అక్కడే సాగనంపి, వారం తర్వాత కోడలు ఒక్కతే ఇల్లు చేరింది. గుమ్మంలో కాలు పెట్టగానే మంచం మీద నుంచి ప్రశ్న — "వాడేడే?"

"పోయాడని చెప్పాలనే నోరు తెరిచానమ్మా," అంది ఆవిడ. "షాపులో ఉన్నాడు అత్తయ్యా, అని వచ్చింది. ఎలా వచ్చిందో నాకే తెలీదు."

ఇక అక్కడ మొదలైంది. గొంతు ఆపరేషనైంది గనక మాట్లాడలేడనీ, పుండు అంటుకుంటుందని డాక్టరు తల్లి దగ్గరికి పోవద్దన్నాడనీ, పగలు మందుల మత్తులో మేడ మీద పడుకుంటాడనీ, నిద్ర పట్టక రాత్రి మిషనెక్కుతాడనీ ముసలావిడకి చెబుతూ వచ్చింది. ఇరుగుపొరుగు నలుగురికీ, ఆవిడ ముందు అనకండని చేతులు పట్టుకుని చెప్పుకుంది.

"అబద్ధానికి కాళ్లుండవంటారు కదా. దీనికి నా కాళ్లే పెట్టాను. అటు ఇంట్లోంచి షాపులోకి తలుపుంది. ఆవిడ మంచం ఆ గోడకే. చప్పుడు వింటేగానీ నిద్రపోదు."

"మరి దీపం..."

"వెలుగు కనబడితే ఎవరో ఒకరు షట్టర్ తట్టి, అయ్యో మీ ఆయన పోయాడటగా అంటారు. దెయ్యం అనుకున్నారనుకో, దగ్గరికి రారు. ఎవరైనా అడిగితే నాకేం వినబడలేదంటాను." ఆవిడ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు దాన్ని ఊరందరికీ వినిపించావంటే జనం వచ్చి షాపు ముందు నిలబడతారు తల్లీ. ఆ ముసలి ప్రాణం నా చేతుల మీదుగా పోకూడదు. నీకు దణ్ణం పెడతాను."

"ఎవరే అక్కడ? గుసగుసలేంటి?" లోపలి నుంచి సన్నటి గొంతు.

ఆవిడ గొంతు ఒక్క క్షణంలో మారిపోయింది. పెళ్లింట్లో మాట్లాడినట్టు, "కాలేజీ పిల్ల అత్తయ్యా! పాతకాలం కబుర్లు రికార్డు చేసుకుంటుందట, నీ కోసమే వచ్చింది!"

"అయితే మూల నిలబెట్టి మాట్లాడతావేం? ఇటు పంపు."

గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, మందుల డబ్బా. ముసలావిడ గోడ వైపు ఒత్తిగిలి, అరచెయ్యి గోడకి ఆనించి పడుకుని ఉంది. చెవులపిల్లి మైకు పెట్టింది. ముసలావిడ ఉత్సాహంగా మొదలెట్టింది. మిషన్ తెచ్చిన రోజు, దాన్ని చూడ్డానికి వీధంతా వచ్చింది, బరువుకి ఎడ్లబండి ఇరుసు విరిగింది. కోడలు నీళ్ల బిందె తీసుకుని బయటికి వెళ్లింది.

తలుపు చప్పుడైంది. ముసలావిడ మాట సగంలో ఆపేసింది.

"వెళ్లిందా?"

"వెళ్లారు అమ్మమ్మా."

"మా వాడు పోయాడుగా?"

చెవులపిల్లి తలుపు వైపు చూసింది.

"అబద్ధం చెప్పకు. చెప్పలేకపోతే ఊరికే ఉండు."

ఆమె ఊరికే ఉంది.

ముసలావిడ తల ఊపింది. "నలభయ్యేళ్లు విన్నాను వాడి మిషన్‌ని. రెండు కుట్లేసి కత్తెర ఠక్కున బల్ల మీద పడేసేవాడు. ఇప్పుడు కత్తెర చప్పుడే లేదు. కత్తెర పట్టని టైలరు ఎక్కడైనా ఉంటాడా? నెల తిరక్కుండానే తెలిసిపోయింది. తొక్కేది నా కోడలు. పుట్టి బుద్ధెరిగి మిషన్ ముట్టుకున్న మనిషి కాదు. మొదట్లో చక్రం వెనక్కి తిరిగిపోయేది దానికి."

"మరి... తెలుసని చెప్పొచ్చుగా?"

"చెబితే?" ముసలావిడ గోడని నెమ్మదిగా తడిమింది. "పగలంతా నా ముందు నవ్వుతూ తిరగాలి. అక్కడ ఆసుపత్రిలో పని. అది ఏడ్చేది ఆ మిషన్ చాటున ఒక్కటే. తెలుసన్నాననుకో, రేపట్నుంచి మిషనెక్కదు. ఇక ఎక్కడ ఏడుస్తుందే ఆ పిచ్చిది? ఏడవనీ. నేను బతికున్నన్నాళ్లు నోరు విప్పకు. పోయాక నీ ఇష్టం."

"మీకు ఏడుపు రాదా అమ్మమ్మా?"

"అది మిషన్ తొక్కుతుంటే నేనూ ఇటు..." అని ఆగింది. వాకిట్లో బిందె దించిన చప్పుడు. వెంటనే గొంతు పెంచి, "అప్పట్లో గుండీలు ఎముకతో చేసేవాళ్లమ్మాయ్! ఇప్పటి ప్లాస్టిక్ గుండీలు గుండీలేనా!" అంది.

కోడలు గుమ్మంలో నిలబడి నవ్వింది.

ఆ రాత్రి చెవులపిల్లి షట్టర్ ముందు తీసిన రికార్డు చెరిపేసింది. తీగ ఊడిపోయి ఏమీ ఎక్కలేదని మైకాసురుడికి చెప్పింది. వాడు వారం రోజులు మాట్లాడలేదు. "పోనీ మళ్లీ వెళ్దామా, ఈసారి షట్టర్ పక్కన నువ్వు కూర్చో," అంటే మాత్రం వాడికి పరీక్షలు గుర్తొచ్చాయి. చివరికి బేకరీ భాగాన్నే అటూ ఇటూ కోసి మళ్లీ వేశారు. మార్కులు అంతంతమాత్రంగా వచ్చాయి.

ఆ ఇంటికి మాత్రం ఆమె వెళ్తూనే ఉంది. పదిహేను రోజులకోసారి, ఏదో ఒక వంక పెట్టుకుని. వెళ్లిన ప్రతిసారీ గోడకటు ఒక మనిషి, ఇటు ఒక మనిషి. ఇద్దరి మాటా ఆమె దగ్గరే ఉంది. రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఇద్దరికీ మాటిచ్చానుగా అని మింగేసింది. అదే న్యాయమనుకుంది. ఇరవయ్యేళ్ల పిల్ల, అంతకంటే ఏం తోస్తుంది?

మూడు నెలలకి ముసలావిడ నిద్రలోనే పోయింది.

కబురు ఆలస్యంగా తెలిసింది. వెళ్లేసరికి మంచం ఎత్తేసి గోడకి నిలబెట్టారు. కోడలు నేల మీద కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"చివరిదాకా తెలియకుండానే పోయిందమ్మా," అంది. "ఆ ఆఖరి రాత్రి కూడా, వాణ్ణి ఇక పడుకోమనవే, అలిసిపోతున్నాడు అంది. అదొక్కటే నాకు తృప్తి."

చెవులపిల్లి గోడకి నిలబెట్టిన మంచం వైపు చూసింది.

"ఆ రోజు రికార్డు చేశావుగా, ఉందా? ఆవిడ గొంతు ఒక్కసారి వినిపించవూ?"

ఆమె హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి పెట్టింది. మిషన్ తెచ్చిన రోజు, వీధంతా వచ్చింది, ఇరుసు విరిగింది. ఆవిడ పెదాల మీద నవ్వు వచ్చింది. ఇంకొంచెం ఉంటే తలుపు చప్పుడు వస్తుంది. అక్కడ ఆపేయొచ్చు. ఆమె వేలు మీట మీదే ఉంది. నేను పోయాక నీ ఇష్టం అంది ముసలావిడ. ఇష్టం అంటే ఏమిటో ఆ పిల్లకి తేలలేదు...

వేలు తీసేసింది.

ఆవిడ నవ్వు మెల్లిగా ఆగిపోయింది. కళ్లు ఎటో నిలిచిపోయాయి. గుండీల మాట దాకా విని, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.



"ఎప్పుడు చెప్పిందిది?"

"నేను మొదటిసారి వచ్చిన రోజే అక్కా."

"మూడు నెలల నుంచీ నీ దగ్గరుందా?"

తల ఊపింది.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వెళ్లి, మంచం ఉన్నచోట గోడ మీద చెయ్యి పెట్టింది. సున్నం అరిగి, అరచెయ్యంత మేర నల్లబడిన చోట.

"ఆవిడ ఇటు... నేనటు," అంది. "మధ్యలో ఇంత గోడ. ఎవరో ఒకరు ఒక్క మాట అని ఉంటే... ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేదాన్ని కదమ్మా."

ఆ మాటకి జవాబు ఇప్పటికీ తన దగ్గర లేదనే అంటుందట ఆ అమ్మాయి.

ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. హెడ్‌ఫోన్లు తనే తీసి చెవులకి పెట్టుకుంది.

"మొదట్నుంచీ వద్దు," అంది. "నన్ను పిచ్చిదీ అన్న చోట పెట్టు."